ఉత్తరంలో మిగిలిన సగం

మొన్న మే నెలలో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒకే రోజు రెండు ఫార్వర్డ్‌లు వచ్చాయి. పొద్దున బాపట్ల నుంచి మా బాబాయ్ పెట్టారు, అమెరికా రెండో ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ బొమ్మ, కింద "మన రాజ్యాంగం నీతి, దైవభక్తి ఉన్న ప్రజల కోసమే చేసింది, ఇంకెవర్నీ పాలించడానికి అది పనికిరాదు" అని. సాయంత్రానికి బాబాయ్ కొడుకే, హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు, దానికి జవాబుగా ఇంకోటి పెట్టాడు. అదే ఆడమ్స్, అదే బొమ్మ, కింద "మతమే లేకపోతే ఈ ప్రపంచమంత మంచి ప్రపంచం ఉండేది కాదు" అని. ఇక రాత్రి దాకా తండ్రీకొడుకులు ఇద్దరూ తగ్గలేదు, మధ్యలో పిన్ని వచ్చి "భోజనాలు చెయ్యండి ముందు" అని వాయిస్ మెసేజ్ పెట్టేదాకా నడిచింది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నేను మసాచుసెట్స్ వచ్చి 11 ఏళ్ళు అయింది, ఆడమ్స్ ఊరు క్విన్సీ మా ఇంటికి గంట దూరం, ఎన్నో సార్లు దాని పక్క నుంచే హైవే మీద వెళ్ళాం గానీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఒకే మనిషి ఈ రెండు మాటలూ ఎలా అన్నాడు, అసలు అన్నాడా లేదా, ఎవరన్నా కల్పించారా అని డౌట్. అన్నాడు, రెండూ నిజంగానే అన్నాడు. కాకపోతే రెండూ ఉత్తరాల్లోంచి కోసిన ముక్కలు. ఆ ఉత్తరాలు మొత్తం అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు నెట్‌లో ఫ్రీగా పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. ఆ వారమంతా రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక అదే పని చేశా, ఆ తర్వాత శనివారం ఆ ఊరు వెళ్ళాం.

ముందు తమ్ముడు పెట్టిన దాని సంగతి చెప్తా, ఎందుకంటే అది నాకు చాలా నచ్చిన కథ. 1817 ఏప్రిల్ 19న ఆడమ్స్, తన తర్వాత మూడో ప్రెసిడెంట్ అయిన థామస్ జెఫర్సన్‌కి రాసిన ఉత్తరం అది. అప్పటికి ఆయనకి 81 ఏళ్ళు, ఇద్దరూ ప్రెసిడెంట్లు అయిపోయి, గొడవపడి ఏళ్ళ తరబడి మాటలు మానేసి, 1812లో మళ్ళీ కలిసి, ఇహ చనిపోయేదాకా ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరంలో ఆడమ్స్ తన చిన్నప్పటి ఇద్దరు మనుషుల్ని గుర్తు చేసుకుంటాడు. ఒకాయన ఊరి పాస్టర్ బ్రయంట్, ఇంకొకాయన లాటిన్ చెప్పే మాస్టారు క్లెవర్లీ. ఇద్దరూ ఎక్కువగా కలిసే ఉండేవాళ్ళట, అస్తమానం మతం మీద ప్రభుత్వం మీద వాదించుకుంటూనే ఉండేవాళ్ళట. ఒకరోజు మాస్టారు ఆవేశం ఎక్కువై "నేనే గనక రాజునైతే నా రాజ్యంలో ఒక్క మతమే ఉంచుతా" అన్నాడు. దానికి పాస్టర్ నింపాదిగా "క్లెవర్లీ, నీకు మతం అనేది లేకపోతే నీ అంత మంచివాడు లోకంలో ఉండడు" అన్నాడట. మతం పిచ్చి మాస్టారిది, ఆ మాట అన్నది పాస్టర్, అది చూడండి!

ఆ కథ చెప్పాక ఆడమ్స్ అంటాడు, ఈమధ్య చదివిన పుస్తకాల వల్ల ఓ ఇరవై సార్లు నాకూ "మతమే లేకపోతే ఈ ప్రపంచమంత మంచి ప్రపంచం ఉండేది కాదు" అని అరవాలనిపించింది అని. ఫార్వర్డ్ అక్కడికి ఆపేశారు. కానీ ఉత్తరం అక్కడ ఆగలేదు, వెంటనే తర్వాతి మాట, అలా అరిస్తే నేనూ ఆ బ్రయంట్ లాగా క్లెవర్లీ లాగా మూర్ఖుణ్ణే అయ్యేవాణ్ణి, మతం లేకపోతే ఈ ప్రపంచం నలుగురిలో పేరెత్తకూడని చోటు అయ్యేది, అంటే నరకం అని. అంటే కోసేసిన సగంలోనే అసలు విషయం ఉంది. ఆయన రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి, రెంటినీ మోస్తూ రాశాడు. తమ్ముడికి ఈ పేరా మొత్తం పంపిస్తే "అక్కా, ఇది నాకు తెలీదు" అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు.

ఇప్పుడు బాబాయ్ పెట్టింది. 1798 అక్టోబర్ 11, ఆడమ్స్ అప్పుడు ప్రెసిడెంట్, మసాచుసెట్స్ మిలిషియా, అంటే మామూలు జనంతో కట్టిన సైన్యం, దాని అధికారులకి రాసిన జవాబు. ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చేట్టుంది, దేశమంతా ఆవేశంగా ఉంది. ఆ వాక్యానికి ముందు వాక్యాలు చదివితే ఇంకో రంగు కనిపిస్తుంది. పైకి న్యాయం మితం అని మాట్లాడుతూ లోపల దోపిడీ అహంకారం చేసే దేశం అయిపోతే ఈ భూమ్మీద ఇంతకన్నా దౌర్భాగ్యపు చోటు ఉండదు అంటాడు. తర్వాత, నీతీ మతమూ కళ్ళెం వెయ్యని మనిషి కోరికల్ని ఎదుర్కొనే బలం మన ప్రభుత్వానికి లేదు, దురాశ, అధికార దాహం, పగ, ఆడవాళ్ళ వ్యామోహం, ఇవి మన రాజ్యాంగం తాళ్ళని తిమింగలం వలను చీల్చుకుని పోయినట్టు తెంపేస్తాయి అంటాడు. ఆ తర్వాతే ఫార్వర్డ్‌లో ఉన్న వాక్యం వస్తుంది.

తిమింగలం, వల. ఆయన సముద్రం పక్క మనిషి, ఆ కాలంలో న్యూ ఇంగ్లండ్ వాళ్ళు, అంటే మసాచుసెట్స్ చుట్టుపక్కల వాళ్ళు, తిమింగలాల వేటకి పోయేవాళ్ళు, కాబట్టి ఆ పోలిక ఆయనకి ఊరికే వచ్చేసి ఉంటుంది. నాకైతే సూర్యలంక గుర్తొచ్చింది. చిన్నప్పుడు బాబాయ్ సైకిల్ మీద ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు, పొద్దున్నే ఒడ్డున వల లాగేవాళ్ళు, ఇటు పదిమంది అటు పదిమంది తాడు పట్టుకుని, ఒంగి, వెనక్కి నడుస్తూ. ఆ వల ఇసకలో ఆరేసి ఉన్నప్పుడు పట్టుకుని చూస్తే వేలంత లావు తాడు అంచుకి ఉంటుంది గానీ మధ్యలో అంతా సన్న దారం, ముళ్ళు ముళ్ళుగా. చిన్న చేపకి అది గోడ. పెద్దది పడితే చినిగిపోయేది, ఆ తర్వాత ఆ వల యజమాని రోజంతా కూర్చుని కుట్టుకునేవాడు. ఆడమ్స్ రాజ్యాంగాన్ని గోడ అనలేదు, వల అన్నాడు, అది నాకు పట్టేసింది. అది కూడా ఎవరు? రాజ్యాంగాలు రాయడమే జీవితంగా పెట్టుకున్న మనిషి!

ఎందుకంటే చట్టాల బలం మీద ఆయనకి నమ్మకం లేక కాదు ఆ మాట. 1776లో ప్రభుత్వం ఎలా ఉండాలి అని ఒక చిన్న పుస్తకం రాశాడు, అందులో మంచి ప్రభుత్వం అంటే మనుషుల పాలన కాదు, చట్టాల పాలన అంటాడు. శాసనసభ ఒక్కటే ఉంటే దానికీ మనిషికొచ్చే జబ్బులన్నీ వస్తాయి, ఆవేశం, పక్షపాతం, అత్యాశ అన్నీ, కాబట్టి రెండు సభలు పెట్టండి, గవర్నర్‌ని వేరుగా పెట్టండి, జడ్జీల్ని వాళ్ళ చేతుల్లో పెట్టకండి, ఎన్నికలు ఏడాదికోసారి పెట్టండి అని. ఎవర్నీ పూర్తిగా నమ్మలేదు. అధికారాన్ని ముక్కలు చేసి ఒకటి ఇంకోదానికి కాపలా పెట్టాడు. అయినా సరే, ఇదంతా కట్టాక కూడా, కట్టినాయనే చెప్తున్నాడు, లోపల మనిషి బాలేకపోతే ఇదంతా దారమే అని. అదే ఏడాది జూన్‌లో ఒక చుట్టానికి రాశాడు, ప్రజల్లో నీతి పెరక్కపోతే వాళ్ళు పాలకుల్నీ ప్రభుత్వాల్నీ మార్చుకోగలరేమో గానీ నిలిచే స్వేచ్ఛ రాదు, ఒక నియంత పోయి ఇంకో నియంత వస్తాడు అంతే అని. నీతి అంటే ఆయన దృష్టిలో గుడికి వెళ్ళడం ఒక్కటే కాదు, మెర్సీ వారెన్ అనే ఆవిడకి రాసిన ఉత్తరంలో చెప్తాడు, నలుగురి మేలు మీద నిజమైన తపన ఉండాలి, అది సొంత కోరికలన్నిటికన్నా పైన ఉండాలి, అది లేని చోట రిపబ్లిక్కే ఉండదు అని.

మరి బాబాయ్ అనుకున్నట్టు ప్రభుత్వం మతాన్ని పెంచాలా? ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే అదే ఆడమ్స్ 1797 జూన్‌లో, అంటే ఆ తిమింగలం ఉత్తరానికి 16 నెలల ముందు, ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీ అనే ముస్లిం రాజ్యంతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. దాని 11వ ఆర్టికల్‌లో అమెరికా ప్రభుత్వం ఏ రకంగానూ క్రైస్తవ మతం మీద కట్టింది కాదు, ముస్లింల మతం మీద మాకు శత్రుత్వం లేదు అని రాసుంది. సెనేట్‌లో ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు. రెండిటికీ పొంతన లేదు అనుకున్నా మొదట. తర్వాత అర్థమైంది, ఒకటి ప్రజల గురించి, ఒకటి ప్రభుత్వం గురించి. ప్రజల గుండెలో భక్తి ఉండాలంటాడు, ప్రభుత్వం నుదుటి మీద బొట్టు ఉండకూడదంటాడు. ఈ తేడాని ఆ రెండు ఫార్వర్డ్‌లూ మింగేశాయి.

ఇంకా పెద్ద సంగతి, ఈ తేడా ఆయన కొంత దెబ్బ తిని నేర్చుకున్నాడు. ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు 1798లో ఒకసారి, 1799లో ఇంకోసారి దేశమంతా ఒక రోజు ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యండి అని ప్రకటన ఇచ్చాడు. బలవంతం కాదు, మాటవరసకి చెప్పినట్టే. కానీ బాప్టిస్టులు, క్వేకర్లు, మెథడిస్టులు, ఇలా చిన్న చిన్న చర్చిల వాళ్ళకి గుబులు పట్టుకుంది, ఈయన వెనక ప్రెస్బిటేరియన్లు ఉన్నారు, రేపు వాళ్ళ చర్చినే జాతీయ చర్చి చేస్తారు అని. ఆడమ్స్ అసలు ప్రెస్బిటేరియనే కాదు. 1800 ఎన్నికల్లో జెఫర్సన్ చేతిలో ఓడిపోయాడు. చాలా ఏళ్ళకి, 1812లో, ఫ్రెండ్ బెంజమిన్ రష్‌కి రాస్తాడు, ఆ ఉపవాసమే నన్ను పదవి నుంచి దింపింది, జాతీయ ప్రభుత్వం మతంలో వేలు పెట్టడం కన్నా జనం భయపడేది ఇంకేదీ లేదు అని. నిజంగా అదొక్కటే ఓడించిందా అంటే కాదు లెండి, దానికన్నా పెద్ద కారణాలు ఉన్నాయి, సొంత పార్టీ చీలిపోయింది, పన్నులు పెరిగాయి, ఇంకా సెడిషన్ చట్టం ఉంది.

సెడిషన్ చట్టం గురించి దాటెయ్యకూడదు. 1798 జూలై 14న ఆయన సంతకం పెట్టాడు, ప్రభుత్వాన్ని గానీ ప్రెసిడెంట్‌ని గానీ చెడుగా రాస్తే జైలు. వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్‌ని 4 నెలలు జైల్లో పెట్టారు, 1000 డాలర్లు జరిమానా, ఆ జైల్లో ఉండగానే జనం ఆయన్ని మళ్ళీ గెలిపించారు. స్వేచ్ఛ గురించి అంత రాసిన చెయ్యే ఆ సంతకం కూడా చేసింది. నాకు ఇది చదివినప్పుడు నిజంగా బాధేసింది, ఇష్టపడ్డ మనిషి తప్పు చేస్తే వచ్చే బాధ. 28 ఏళ్ళ ముందు ఇదే మనిషి, 1770లో బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపి 5 మందిని చంపినప్పుడు, ఊరంతా వాళ్ళని ఉరి తియ్యమంటుంటే, వాళ్ళ తరఫున కోర్టులో నిలబడ్డాడు. కెప్టెన్ ప్రెస్టన్‌ని విడిపించాడు, 8 మంది సైనికుల్లో 6 మందికి శిక్ష లేకుండా చేశాడు, ఇద్దరికి మాత్రం హత్య కాని నేరం కింద బొటనవేలి మీద వాత వేసి వదిలేశారు. అప్పుడు గుంపుని చూసి భయపడనివాడు 1798లో పేపర్లని చూసి భయపడ్డాడు. తిమింగలం ఆయన వలని కూడా చింపింది అనుకోవాలి. అయితే వల మొత్తం పోలేదు, ఆ చట్టానికి గడువు పెట్టి ఉంది, 1801 మార్చి 3తో అయిపోయింది, మర్నాడు తెల్లారకముందే 4 గంటలకి ఆడమ్స్ బండెక్కి ఇంటికి వచ్చేశాడు, ఓడించినవాడికి కుర్చీ వదిలేసి. ప్రమాణ స్వీకారానికి ఉండాల్సింది, ఉండలేదు, అది ఇంకో లోటు. కానీ సైన్యం లేదు, గొడవ లేదు, కుర్చీ మారింది.

సరే క్విన్సీ. రెండు ఇళ్ళు పక్కపక్కనే ఉంటాయి, ఆడమ్స్ పుట్టిన ఇల్లు ఒకటి, పెళ్ళయ్యాక ఉన్న ఇల్లు ఇంకోటి, కొడుకు జాన్ క్విన్సీ, ఆరో ప్రెసిడెంట్, అందులోనే పుట్టాడు. వెనక కప్పు ఏటవాలుగా దాదాపు నేలదాకా దిగే చెక్క ఇళ్ళు, లోపలికి వెళ్తే మా ఆయన తల వంచుకోవాల్సొచ్చింది. ఆడమ్స్ నాన్న రైతు, చలికాలంలో చెప్పులు కుట్టేవాడు, చర్చిలో డీకన్, అంటే పాస్టర్‌కి సాయంగా ఉండే పెద్ద. కొడుకు పాస్టర్ అవ్వాలని హార్వర్డ్ పంపించాడు, కొడుకు లాయర్ అయ్యాడు. రెండో ఇంట్లో ముందు గదే ఆయన ఆఫీసు, వీధిలోకి నేరుగా తలుపు ఉంటుంది క్లయింట్ల కోసం. మన ఊళ్ళో ప్లీడరు గారి వరండా గది ఎలా ఉంటుందో అంతే ఉంది, అంత చిన్నది. ఆ గదిలోనే 1779లో మసాచుసెట్స్ రాష్ట్రానికి ఉన్న సొంత రాజ్యాంగం డ్రాఫ్ట్ రాశాడని చెప్తారు, అది 1780లో అమల్లోకి వచ్చింది, మార్పులతో ఇప్పటికీ అదే నడుస్తోంది. అంటే నేను పన్ను కట్టేది, మా పిల్లలు స్కూలుకి వెళ్ళేది దాని కిందే.

దాంట్లో మనుషులందరూ పుట్టుకతో స్వేచ్ఛ ఉన్నవాళ్ళు, సమానులు అని మొదటి ఆర్టికల్ ఉంది. ఆ మాటనే పట్టుకుని 1783లో క్వాక్ వాకర్ అనే బానిస కేసులో చీఫ్ జస్టిస్ కుషింగ్, ఈ రాజ్యాంగం కింద బానిసత్వం చెల్లదు అన్నాడు, 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్‌లో బానిసల కాలమ్‌లో సున్నా. ఆడమ్స్ జీవితంలో ఎప్పుడూ బానిసని కొనలేదు. మతం దగ్గర మాత్రం ఆ రాజ్యాంగం సగమే వచ్చింది. రెండో ఆర్టికల్ ఎవరి పూజ వాళ్ళది, దానికి ఎవర్నీ హింసించకూడదు అంటుంది, మూడోది మాత్రం ప్రొటెస్టెంట్ పాస్టర్లని ఊళ్ళే పోషించాలి అంటుంది. ఆ మూడోది ఆడమ్స్ రాసింది కాదు, మిగతావాళ్ళు చేర్చారు. 1820లో దాన్ని సవరించడానికి సభ పెడితే 85 ఏళ్ళ ఆడమ్స్ వెళ్ళి, ఏ మతం వాళ్ళయినా సరే సమానంగా చూడాలని ప్రయత్నించాడు. కుదర్లేదు. 1833లో గానీ పోలేదు ఆ మూడో ఆర్టికల్, అప్పటికి ఆయన పోయి ఏడేళ్ళు. మేము పండగలకి ఆష్‌ల్యాండ్ లక్ష్మీ దేవి గుడికి వెళ్తాం, అర్చన టికెట్ తీసుకుని లైన్లో నిలబడతాం, ఆ ముసలాయన ఓడిపోయిన ఆ ఓటు సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

ఇంకోటి కూడా తెలీదు. 1813 క్రిస్మస్ రోజున జెఫర్సన్‌కి రాసిన ఉత్తరంలో ఆడమ్స్ మన హిందూ శాస్త్ర గ్రంథాల గురించి రాశాడు! ప్రీస్ట్లీ అనే ఆయన హిందువుల గురించి రాసిన పుస్తకం చదువుతూ, ఆ శాస్త్ర గ్రంథం మొదట్లో ఉన్న దానికన్నా సరైన దైవచింతన, లోతైన తత్వం ఇంకెక్కడుంది, దేవుడు ఒక్కడే, అన్నిటినీ సృష్టించినవాడు, ఆదీ అంతమూ లేనివాడు అని ఎత్తి రాస్తాడు. ఆ కాలంలో వాళ్ళ చేతికి వచ్చినవి తప్పులతడక అనువాదాలు, అయినా ఎంత ఆశగా చదివాడో. ఇది బాబాయ్‌కి ఫోన్ చేసి చదివి వినిపించా. అటువైపు కాసేపు చప్పుడు లేదు, లైన్ కట్టయిందనుకున్నా. "ఇంకోసారి చదువమ్మా" అన్నారు.

చర్చికి కూడా వెళ్ళాం, గ్రానైట్ రాయితో కట్టింది, కింద నేలమాళిగలో నాలుగు రాతి సమాధులు, ఆడమ్స్, భార్య అబిగేల్, కొడుకు, కోడలు. చల్లగా ఉంది. మా చిన్నది అబిగేల్ సమాధి మీద చెయ్యి పెట్టి "ఈ అమ్మమ్మ ఎవరు" అంది. ఈవిడ 1776 మార్చిలో భర్తకి ఉత్తరం రాసి, కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళని గుర్తుపెట్టుకోండి అంది, ఆయన నవ్వు ఆపుకోలేకపోయానని జవాబు రాశాడు అని చెప్పా. "ఎందుకు నవ్వాడు" అని అడిగింది పిల్ల. నా దగ్గర జవాబు లేదు, ఆయన దగ్గరా ఉండదు.

బాబాయ్ ఇప్పుడు రోజూ ఒక పేరా తెలుగులో రాసి పెట్టమంటున్నారు, గ్రూప్‌లో అందరూ చదవాలి, సగం సగం కాదు అని. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి కదా, దిద్దుతారు కూడా. నిన్న మసాచుసెట్స్ రాజ్యాంగంలో చదువుల గురించి ఉన్న భాగం పెట్టా. ప్రజల హక్కులు నిలవాలంటే తెలివి, జ్ఞానం, నీతి అందరికీ పంచాలి, స్కూళ్ళని పోషించాలి, దానధర్మం, కష్టపడటం, నిజాయితీ, ఇచ్చిన మాటకి టైముకి ఉండటం, ఇవన్నీ ప్రజల్లో పెంచాలి అని ఉంటుంది, చివర్లో "గుడ్ హ్యూమర్" అని కూడా ఉంటుంది. రాజ్యాంగంలో! సభలో ఆ మాట కొట్టేస్తారేమో అని ఆడమ్స్ భయపడ్డాడట, ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదట. నేను దాన్ని "మంచి హాస్యం" అని రాశా. బాపట్లలో తెల్లారుతుండగా బాబాయ్ మెసేజ్ వచ్చింది, "హాస్యం కాదమ్మా. పక్కవాడు మనతో ఒప్పుకోకపోయినా మొహం మాడ్చుకోకుండా ఉండటం అది. ప్రసన్నత అని రాయి." మార్చి మళ్ళీ పెట్టాను. కింద మొదటి లైక్ తమ్ముడిది.